కార్ల్ గ్రాహం ఫిషర్

కార్ల్ గ్రాహం ఫిషర్ (జనవరి 12, 1874 - జూలై 15, 1939) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సుప్రసిద్ధ వ్యాపారవేత్త, మోటారు పందేల నిర్వాహకుడు మరియు మంచి రహదారుల కోసం కృషి చేసిన ప్రచారకుడు. ఇండియానా రాష్ట్ర రాజధాని ఇండియానాపోలిస్ శివార్లలో ఉన్న ఇండియానాపోలిస్ మోటార్ స్పీడ్‌వే అనే పందెపు బాటను 1909లో నెలకొల్పిన నలుగురు భాగస్వాములలో ఇతడు ప్రధానుడు. ఈ బాట మీద జరిగిన మొట్టమొదటి కారు పందేలలోనే అయిదుగురు మరణించారు. ఆ తరువాత కొద్ది నెలలలోనే బాట మొత్తాన్ని 32 లక్షల ఇటుకలతో తిరిగి నిర్మించారు. ఆ ఇటుకల కారణంగానే స్పీడ్‌వేకు ఇటుకల ఆవరణ అనే అర్థం వచ్చే బ్రిక్‌యార్డ్ అన్న పేరు స్థిరపడింది. అమెరికాను తూర్పు నుండి పడమరకు కలిపే లింకన్ హైవే, ఉత్తరం నుండి దక్షిణానికి పోయే డిక్సీ హైవే ఫిషర్ ప్రతిపాదనల ఫలితమే. ఫ్లోరిడాలోని మయామీ బీచ్ నగర నిర్మాతగా కూడా ఇతడు చరిత్రకెక్కాడు.

బాల్యం

ఫిషర్ 1874 జనవరి 12న ఇండియానా రాష్ట్రంలోని గ్రీన్స్‌బర్గ్ అనే చిన్న పట్టణంలో ఆల్బర్ట్ ఫిషర్, ఐడా గ్రాహం ఫిషర్ దంపతులకు జన్మించాడు. తండ్రి మద్యపానానికి బానిసై కుటుంబానికి దూరమయ్యాడు. పిల్లల పోషణ భారం తల్లి మీద పడింది. కార్ల్‌కు చిన్ననాటి నుండి తీవ్రమైన దృష్టిదోషం ఉండేది. ఆ కారణంగా చదువులో వెనుకబడి 12వ ఏట బడి మానేశాడు. కుటుంబానికి ఆసరాగా ఉండటానికి కొంతకాలం కిరాణా దుకాణంలో, పుస్తకాల దుకాణంలో పనిచేశాడు. తరువాత ఇండియానాపోలిస్ నుండి బయలుదేరే రైళ్ళలో వార్తాపత్రికలు, పొగాకు, మిఠాయిలు అమ్మాడు. తక్కువ పెట్టుబడితో సరుకు కొని, ప్రయాణికుల దృష్టిని ఆకర్షించి అమ్మే నేర్పు ఇతనికి ఈ రైళ్ళలోనే అలవడింది.

సైకిళ్ళ నుండి కార్లకు

1891లో, 17 ఏళ్ళ వయసులో, ఫిషర్ తన ఇద్దరు సోదరులతో కలిసి ఇండియానాపోలిస్‌లో సైకిళ్ళ మరమ్మతు దుకాణం తెరిచాడు. అప్పట్లో అమెరికా అంతటా సైకిళ్ళ మోజు నడుస్తున్నది. ఫిషర్ స్వయంగా సైకిలు పందేలలో పాల్గొనేవాడు. దుకాణానికి పేరు రావడం కోసం ప్రమాదకరమైన విన్యాసాలు చేసేవాడు. రెండు ఎత్తైన భవనాల మధ్య తీగ కట్టి దాని మీద సైకిలు తొక్కడం వీటిలో ఒకటి. చూపు సరిగా లేని మనిషి ఈ పని చేయడం చూసినవారిని ఆశ్చర్యపరిచింది.

మోటారు కార్లు వచ్చిన తొలి రోజులలోనే ఫిషర్ వాటి అమ్మకంలోకి దిగాడు. అమెరికాలోని మొట్టమొదటి కార్ల విక్రయశాలలలో ఇతని దుకాణం ఒకటి. తరువాత పందెపు చోదకుడిగా పేరు పొందిన బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ ఇతని మిత్రుడు. 1908 అక్టోబరు 30న ఫిషర్ ఒక పెద్ద బెలూనుకు బుట్టకు బదులుగా స్టాడర్డ్-డేటన్ కారును వేలాడదీసి, అందులో కూర్చుని ఇండియానాపోలిస్ నగరం మీదుగా తేలిపోయాడు. తరువాత కారును నడుపుకుంటూ నగరానికి తిరిగివచ్చాడు. బరువు తగ్గించడానికి బెలూనుకు కట్టిన కారు ఇంజను ముందే తీసివేశారు. నగరంలోకి తిరిగివచ్చినది అదే రకానికి చెందిన మరొక కారు. అయినా ఈ విన్యాసం ఆశించిన ప్రచారాన్ని తెచ్చిపెట్టింది.

ప్రెస్ట్-ఓ-లైట్ సంస్థ

తొలినాటి కార్లకు చీకటిలో దారి చూపే బలమైన దీపాలు ఉండేవి కావు. 1904లో ఒక ఆవిష్కర్త సిలిండరులో ఎసిటిలీన్ వాయువును నింపి కారు దీపాలను వెలిగించే పద్ధతిని ఫిషర్ వద్దకు తెచ్చాడు. ఫిషర్ తన మిత్రుడు జేమ్స్ ఆలిసన్‌తో కలిసి ఈ పద్ధతిని కొనుగోలు చేసి ఉత్పత్తి ప్రారంభించాడు. ఈ సంస్థే తరువాత ప్రెస్ట్-ఓ-లైట్ అన్న పేరుతో ప్రసిద్ధి చెందింది. అమెరికాలో తయారయ్యే కార్లలో అధిక భాగం ఈ దీపాలతోనే నడిచేవి. ఖాళీ అయిన సిలిండరును ఇచ్చి నిండినది తీసుకొనే ఏర్పాటు కూడా ఉండేది.

ఎసిటిలీన్ సులభంగా పేలే వాయువు కావడం చేత ఇండియానాపోలిస్‌లోని ఈ సంస్థ కర్మాగారాలలో పలు పేలుళ్ళు జరిగాయి. చివరకు కర్మాగారాన్ని నగరం వెలుపలకు, స్పీడ్‌వే సమీపానికి తరలించారు. 1910వ దశకంలో ఈ సంస్థను యూనియన్ కార్బైడ్ కొనుగోలు చేసింది. 1984 భోపాల్ దుర్ఘటన వలన భారతీయులకు తెలిసిన సంస్థ ఇదే. ఈ దీపాల వ్యాపారం వలన ఫిషర్, ఆలిసన్ ఇద్దరూ కోటీశ్వరులైనారు.

పందెపు బాట ఆలోచన

1905లో ఫ్రాన్సులో జరిగిన కారు పందేలకు ఫిషర్ అమెరికన్ మిత్రులతో కలిసి వెళ్ళాడు. ఐరోపా కార్లు అమెరికా కార్ల కంటే ఎంతో ముందున్నాయని అక్కడ గ్రహించాడు. అమెరికాలో అప్పటి రోడ్లు ఎక్కువగా మట్టి రోడ్లు. వర్షాకాలంలో బురద, వేసవిలో దుమ్ము. అటువంటి రోడ్ల మీద కారు పూర్తి సామర్థ్యాన్ని పరీక్షించే వీలు లేదు. గుర్రపు పందేల కోసం ఏర్పడిన మట్టి బాటలు ఇరుకుగా ఉండి, కార్ల వేగానికి పనికివచ్చేవి కావు. దుమ్ము లేవడం వలన ప్రేక్షకులకు పందెం కనబడేది కాదు.

కార్ల తయారీదారులు అందరూ కలిసి వాడుకోగల ఒక పెద్ద పరీక్షా స్థలం ఉంటే, లోపాలు అక్కడే బయటపడతాయని, కొనుగోలుదారులు కూడా కార్ల మంచిచెడులను కళ్ళారా చూస్తారని ఫిషర్ భావించాడు. 1906 నవంబరులో మోటార్ ఏజ్ పత్రికకు రాసిన లేఖలో 3 నుండి 5 మైళ్ళ పొడవు, 100 నుండి 150 అడుగుల వెడల్పు గల నునుపైన వలయాకారపు బాటను ప్రతిపాదించాడు. 1907లో ఇంగ్లండులో లండను నగరానికి సమీపంలో బ్రూక్‌లాండ్స్ పందెపు బాట ప్రారంభమైంది. మోటారు పందేల కోసమే ప్రత్యేకంగా కట్టిన ఆ కాంక్రీటు బాటను ఫిషర్ చూసి వచ్చాడు. దీనితో అతని సంకల్పం మరింత బలపడింది.

స్పీడ్‌వే నిర్మాణం

1908 డిసెంబరులో ఇండియానాపోలిస్ నగరానికి వాయవ్యంగా 5 మైళ్ళ (8 కి.మీ.) దూరంలో ఉన్న 328 ఎకరాల వ్యవసాయ భూమిని 72,000 డాలర్లకు కొనుగోలు చేశారు. ఫిషర్‌తో పాటు జేమ్స్ ఆలిసన్, నేషనల్ కార్ల సంస్థకు చెందిన ఆర్థర్ న్యూబీ, కార్బ్యురేటర్ల తయారీదారు ఫ్రాంక్ వీలర్ ఇందులో భాగస్వాములు. 1909 మార్చి 20న రెండున్నర లక్షల డాలర్ల మూలధనంతో సంస్థ నమోదైంది. ఫిషర్ అధ్యక్షుడయ్యాడు.

బాట నమూనాను పి.టి. ఆండ్రూస్ అనే ఇంజనీరు తయారుచేశాడు. ఇంకా పెద్ద బాట కట్టాలని ఫిషర్‌కు ఉన్నా, ప్రేక్షకుల మంటపాలకు చోటు మిగలాలంటే రెండున్నర మైళ్ళ (4 కి.మీ.) బాట మాత్రమే ఆ స్థలంలో ఇముడుతుందని తేలింది. దీని ఆకారం మూలలు గుండ్రంగా ఉన్న దీర్ఘచతురస్రం వంటిది. పావు మైలు చొప్పున నాలుగు మలుపులు, 5/8 మైలు చొప్పున రెండు పొడవైన నేరుభాగాలు, 1/8 మైలు చొప్పున రెండు పొట్టి నేరుభాగాలు ఉన్నాయి. వేగంగా తిరిగే కారు బయటికి జారిపోకుండా ఉండేందుకు మలుపులలో బాటను లోపలివైపుకు 9 డిగ్రీల 12 నిమిషాల వాలుతో నిర్మించారు. తరువాత ఎన్ని మార్పులు జరిగినా ఈ కొలతలు మారలేదు.

వందలాది పనివారు, కంచరగాడిదలు, ఆవిరి రోలర్లతో పని సాగింది. చదును చేసి దిమ్మిస కొట్టిన నేల మీద గులకరాయి, దాని మీద సున్నపురాయి కంకర పరిచి, తారు, నూనె కలిపిన మిశ్రమం పోశారు. ఆ పైన మరొక పొర చిన్న కంకర, మళ్ళీ తారు, చివరగా రాతిపొడి వేశారు. పని అనుకున్న సమయానికి పూర్తికాలేదు. అందుచేత స్పీడ్‌వేలో మొదట జరిగినది కారు పందెం కాదు, 1909 జూన్ 5న జరిగిన బెలూన్ల పందెం. ఫిషర్ కూడా అందులో పాల్గొన్నాడు.

1909 ఆగస్టు దుర్ఘటనలు

1909 ఆగస్టు 14న మోటారు సైకిళ్ళ పందేలు మొదలయ్యాయి. రెండు రోజులు జరగవలసిన ఈ పందేలను బాట పైభాగం సురక్షితంగా లేదన్న కారణంతో మొదటి రోజునే ముగించారు. ఇది ఒక హెచ్చరిక. అయినా అయిదు రోజుల తరువాత, ఆగస్టు 19న, కారు పందేలు యథావిధిగా ప్రారంభమయ్యాయి.

కార్ల సన్నని టైర్ల ఒత్తిడికి, ఆగస్టు ఎండకు తారు పట్టు వదిలింది. కంకర పైకి లేచి వెనుక వచ్చే చోదకుల ముఖాలకు తగలసాగింది. ఒక రాయి తగిలి కళ్ళజోడు పగలడంతో లూయీ షెవ్రొలే కొంతసేపు చూపు కోల్పోయాడు. బాటలో గుంటలు పడ్డాయి. 250 మైళ్ళ పందెం సగంలో ఉండగా విల్‌ఫ్రెడ్ బోర్క్ నడుపుతున్న కారు అదుపు తప్పి బాట విడిచి బోల్తాపడింది. బోర్క్, అతని పక్కన కూర్చున్న మెకానిక్ హ్యారీ హోల్కోంబ్ మరణించారు. ఆ కాలంలో పందెపు కార్లలో చోదకునితో పాటు ఒక మెకానిక్ కూడా ప్రయాణించేవాడు. పందేలను పర్యవేక్షించే అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ అధికారులు మిగిలిన పందేలను ఆపివేయాలని ఆలోచించారు. రాత్రికి రాత్రి మరమ్మతులు చేయిస్తామని యాజమాన్యం మాట ఇవ్వడంతో పందేలు కొనసాగాయి.

రెండవ రోజు పెద్ద ప్రమాదం లేకుండా గడిచింది. మూడవ రోజు 300 మైళ్ళ పందెం చూడటానికి సుమారు 35,000 మంది వచ్చారు. 175 మైళ్ళ వద్ద చార్లీ మెర్జ్ కారు ముందు టైరు పేలింది. కారు కంచెను ఛేదించుకుని జనం మధ్యకు దూసుకుపోయింది. మెకానిక్ క్లాడ్ కెల్లమ్, ఇద్దరు ప్రేక్షకులు ప్రాణాలు కోల్పోయారు. కొద్దిసేపటికే బ్రూస్ కీన్ కారు గుంటలో పడి, వంతెన స్తంభాన్ని ఢీకొన్నది. దీనితో 235 మైళ్ళ వద్ద పందెం నిలిపివేశారు. విజేతను ప్రకటించలేదు, బహుమతి ఇవ్వలేదు.

మూడు రోజులలో మరణించిన అయిదుగురిలో ఇద్దరు టిక్కెట్టు కొని పందెం చూడటానికి వచ్చినవారు. పత్రికలు యాజమాన్యాన్ని తీవ్రంగా విమర్శించాయి. బాటను బాగుచేయనిదే ఇకపై ఇక్కడి పందేలకు అనుమతి లేదని అసోసియేషన్ తేల్చి చెప్పింది. మోటారు సైకిళ్ళ పందెం నాడే లోపం బయటపడినా పందేలు వాయిదా వేయకపోవడం, తొలిరోజు మరణాల తరువాత కూడా పైపై మరమ్మతులతో సరిపెట్టడం యాజమాన్యం చేసిన పొరపాట్లు. అధ్యక్షుడిగా ఫిషర్‌కు ఇందులో ప్రధాన బాధ్యత ఉంది.

ఇటుకల బాట

భాగస్వాముల ముందు రెండు మార్గాలు మిగిలాయి. బాటను మూసివేసి భూమిని అమ్ముకోవడం ఒకటి, మళ్ళీ పెట్టుబడి పెట్టి పైభాగాన్ని పూర్తిగా మార్చడం మరొకటి. వారు రెండవ మార్గాన్ని ఎంచుకున్నారు. కాంక్రీటు, ఇటుక రెండింటినీ పరిశీలించి, వేగంగా తిరిగే చక్రాల కింద ఇటుకలు కదలకుండా నిలుస్తాయో లేదో పరీక్షలు జరిపించారు. వీధులలో పరిచే గట్టి ఇటుక కాంక్రీటు కంటే ఎక్కువ కాలం మన్నుతుందని, టైర్లకు మంచి పట్టు ఇస్తుందని నిర్ణయించారు. పైగా ఇండియానా రాష్ట్రంలో ఇటుకల పరిశ్రమ బాగా అభివృద్ధి చెంది ఉండేది.

1909 శరదృతువులో పని మొదలైంది. ఇండియానాలోని పలు బట్టీల నుండి ఇటుకలు వచ్చాయి. వీటిలో అధిక భాగం వీడర్స్‌బర్గ్ పట్టణంలోని వాబాష్ క్లే కంపెనీ నుండి వచ్చినవే. ఒక్కొక్క ఇటుక బరువు సుమారు 9.5 పౌండ్లు (4.3 కిలోలు). పాత బాట మీద రెండు అంగుళాల మందాన ఇసుక పరిచి, దాని మీద ఇటుకలను ఒక్కొక్కటిగా చేతితో పేర్చారు. రోలరుతో సమం చేసిన తరువాత ఇటుకల మధ్య సందులను సిమెంటు పాలతో నింపారు. ఈ విధంగా 63 రోజులలో 32 లక్షల ఇటుకలు పరిచారు. ప్రేక్షకుల రక్షణ కోసం ముఖ్య మంటపం ఎదుట, నాలుగు మలుపుల చుట్టూ 33 అంగుళాల (84 సెం.మీ.) ఎత్తున కాంక్రీటు గోడ కట్టారు.

1909 డిసెంబరు 17న ఇండియానా గవర్నరు థామస్ మార్షల్ బంగారు పూత పూసిన చివరి ఇటుకను అమర్చాడు. ఇతడే 1913 నుండి 1921 వరకు అమెరికా ఉపాధ్యక్షుడిగా పనిచేశాడు. ఆ తీవ్రమైన చలిలోనే కొందరు చోదకులు కొత్త బాట మీద వేగ పరీక్షలలో పాల్గొన్నారు. గంటకు 112 మైళ్ళ (180 కి.మీ.) వరకు వేగం నమోదైంది. ఇటుకలు కదలలేదు.

500 మైళ్ళ పందెం

1910లో స్పీడ్‌వేలో అనేక పందేలు జరిగాయి. మే నెలాఖరు పందేలకు జనం విరివిగా వచ్చినా, తరువాతి పందేలకు క్రమంగా తగ్గిపోయారు. ఒకే రకమైన పందేలు తరచుగా జరిపితే ఆసక్తి నశిస్తుందని గ్రహించిన భాగస్వాములు, ఏడాదికి ఒకే ఒక్క పెద్ద పందెం, దానికి అంతకుముందు ఎక్కడా లేనంత పెద్ద బహుమతి ఉండాలని నిర్ణయించారు. పందెం దూరం 500 మైళ్ళు (805 కి.మీ.). బాట మీద 200 చుట్లు.

మొదటి 500 మైళ్ళ పందెం 1911 మే 30న జరిగింది. 40 కార్లు పాల్గొన్నాయి. సుమారు 80,000 మంది ప్రేక్షకులు వచ్చారు. ఇన్ని కార్లు ఒక్కసారిగా నిలిచిన చోటు నుండి బయలుదేరితే ప్రమాదమని భావించి, ఫిషర్ తానే ఒక కారులో ముందు నడుస్తూ అందరినీ ఒక చుట్టు తిప్పి పందెం ప్రారంభింపజేశాడు. పేస్ కారు అని పిలిచే ఈ పద్ధతి తరువాత అనేక పందేలలో స్థిరపడింది. రే హారౌన్ మార్మన్ వాస్ప్ కారులో గంటకు సగటున 74.602 మైళ్ళ (120 కి.మీ.) వేగంతో, 6 గంటల 42 నిమిషాలలో గమ్యం చేరి విజేతగా నిలిచాడు. మెకానిక్ లేకుండా ఒంటరిగా నడిపిన హారౌన్, వెనుక వచ్చే కార్లను చూడటానికి కారుకు ఒక అద్దం అమర్చుకున్నాడు. ఈ పందెంలోనూ శామ్ డిక్సన్ అనే మెకానిక్ మరణించాడు. ఇటుకల వలన బాట చెదిరిపోవడం ఆగింది కాని, వేగం వలన కలిగే ప్రమాదం తొలగలేదు.

1912లో స్పీడ్‌వే పక్కనే స్పీడ్‌వే అన్న పేరుతోనే ఒక కొత్త పట్టణానికి ఫిషర్, ఆలిసన్ రూపకల్పన చేశారు. ఈ ఊరు 1926లో పురపాలక హోదా పొందింది.

రహదారుల ఉద్యమం

స్పీడ్‌వేలో గంటకు 70 మైళ్ళు పరుగెత్తిన కారు, గేటు దాటి బయటికి వస్తే బురదలో కూరుకుపోయే పరిస్థితి ఉండేది. మంచి రోడ్లు లేనిదే కార్ల పరిశ్రమ వృద్ధి చెందదని ఫిషర్ గుర్తించాడు. 1912 సెప్టెంబరులో ఇండియానాపోలిస్‌లో కార్ల పరిశ్రమ ప్రముఖులకు విందు ఇచ్చి, న్యూయార్క్ నుండి శాన్‌ఫ్రాన్సిస్కో వరకు కంకర రోడ్డు వేయాలని ప్రతిపాదించాడు. పరిశ్రమ చందాలతో సామగ్రి కొనాలని, దారిలోని ఊళ్ళవారు పని చేయించుకోవాలని ఇతని పథకం. హెన్రీ ఫోర్డ్ ఇందుకు సహకరించలేదు. రోడ్లు వేయడం ప్రభుత్వం బాధ్యత అని, దాతలు వేస్తే ప్రజలు ప్రభుత్వాన్ని అడగడం మానేస్తారని అతని అభిప్రాయం.

1913 జూలై 1న లింకన్ హైవే అసోసియేషన్ ఏర్పడింది. ప్యాకార్డ్ కార్ల సంస్థకు చెందిన హెన్రీ జాయ్ అధ్యక్షుడయ్యాడు. 3,389 మైళ్ళ (5,454 కి.మీ.) మార్గాన్ని ప్రకటించారు. మొత్తం రోడ్డుకు సరిపడే చందాలు రాలేదు. ఫోర్డ్ అభిప్రాయమే చివరకు నిజమై, రహదారుల నిర్మాణం ప్రభుత్వాల చేతికి వచ్చింది. అయితే అందుకు కావలసిన ప్రజాభిప్రాయాన్ని కూడగట్టింది లింకన్ హైవే ప్రచారమే. 1914లో ఫిషర్ ఉత్తర రాష్ట్రాలను ఫ్లోరిడాతో కలిపే డిక్సీ హైవేను ప్రతిపాదించాడు. 1915లో స్వయంగా ఇండియానాపోలిస్ నుండి మయామీ వరకు కార్ల యాత్రను నడిపించాడు.

మయామీ బీచ్

మయామీ నగరానికి ఎదురుగా, బిస్కేన్ అఖాతం అవతల ఉన్న ఇసుక దీవి అప్పట్లో మడ చెట్లతో, దోమలతో నిండి ఉండేది. జాన్ కాలిన్స్ అనే వృద్ధ రైతు అక్కడికి చెక్క వంతెన కట్టడం ప్రారంభించి, డబ్బు చాలక ఆగిపోయాడు. ఫిషర్ 50,000 డాలర్లు అప్పు ఇచ్చి, అందుకు ప్రతిగా 200 ఎకరాల భూమి పొందాడు. వంతెన 1913 జూన్‌లో తెరుచుకుంది. ఫిషర్ మడ చెట్లు నరికించి, అఖాతం అడుగు నుండి ఇసుకను తోడించి భూమిని ఎత్తు చేయించాడు. హోటళ్ళు, గోల్ఫ్ మైదానాలు, పోలో మైదానాలు కట్టించాడు. 1915లో మయామీ బీచ్ ప్రత్యేక పట్టణమైంది. 1920వ దశకపు మొదటి సగంలో భూముల ధరలు విపరీతంగా పెరిగి ఫిషర్ అపార సంపన్నుడయ్యాడు.

ఈ నగరానికి మరొక పార్శ్వం కూడా ఉంది. ఫిషర్ అమ్మిన స్థలాల దస్తావేజులలో యూదులకు తిరిగి అమ్మరాదన్న షరతులు ఉండేవి. నగర నిర్మాణంలో శ్రమించిన నల్లజాతి కార్మికులకు అక్కడ నివసించే అవకాశం ఉండేది కాదు.

కొత్త పనులలో మునిగిన ఫిషర్‌కు స్పీడ్‌వే మీద శ్రద్ధ తగ్గింది. 1923లో అధ్యక్ష పదవిని ఆలిసన్‌కు అప్పగించాడు. 1927లో భాగస్వాములు స్పీడ్‌వేను మొదటి ప్రపంచ యుద్ధపు ప్రసిద్ధ వైమానికుడు, పూర్వపు పందెపు చోదకుడు అయిన ఎడ్డీ రికెన్‌బాకర్ బృందానికి అమ్మివేశారు.

వ్యక్తిగత జీవితం

ఫిషర్ 1909లో, స్పీడ్‌వే ఇటుకల పని జరిగిన సంవత్సరంలోనే, జేన్ వాట్స్ అనే యువతిని వివాహం చేసుకున్నాడు. అప్పటికి ఆమె వయసు 15, ఫిషర్ వయసు 35. వారికి పుట్టిన ఒకే ఒక్క కుమారుడు పసికందుగా ఉన్నప్పుడే మరణించాడు. 1926లో వారు విడాకులు పొందారు. 1927లో ఫిషర్ తన కార్యదర్శి మార్గరెట్ కోలియర్‌ను వివాహమాడాడు. జేన్ 1947లో ఫిషర్ జీవితచరిత్రను ప్రచురించింది.

పతనం, మరణం

1926లో ఫిషర్ న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలండ్ తూర్పు కొనన ఉన్న మోంటాక్ వద్ద సుమారు 9,000 ఎకరాలు 25 లక్షల డాలర్లకు కొనుగోలు చేశాడు. వేసవిలో మోంటాక్, శీతాకాలంలో మయామీ బీచ్ ధనికుల విడిది కావాలని అతని ఆశయం. కాని అదే ఏడాది సెప్టెంబరు 18న పెను తుఫాను మయామీని, మయామీ బీచ్‌ను ధ్వంసం చేసింది. మయామీకి ఉత్తరాన ఫుల్‌ఫర్డ్‌లో ఫిబ్రవరిలో మాత్రమే మొదలైన చెక్కపలకల పందెపు బాట ఒకే ఒక్క పందెంతో ఈ తుఫానులో కూలిపోయింది. భూముల ధరలు పడిపోయాయి. 1929లో స్టాక్ మార్కెట్టు కుప్పకూలడంతో ఫిషర్ ఆస్తి కరిగిపోయింది. మోంటాక్ పథకం దివాలా తీసింది.

జీవిత చరమాంకంలో ఫిషర్ మయామీ బీచ్‌లో ఒక చిన్న ఇంట్లో, పాత మిత్రుల సంస్థలకు పనిచేస్తూ గడిపాడు. అతిగా మద్యం సేవించడం వలన ఆరోగ్యం పాడయింది. సామాన్యులు చేపల వేటకు వచ్చి బస చేయడానికి కీ లార్గోలో కట్టించిన కరీబియన్ క్లబ్ ఇతని చివరి నిర్మాణం. 1939 జూలై 15న కడుపులో రక్తస్రావం వలన 65వ ఏట మరణించాడు. తరువాత ఇతని భౌతికకాయాన్ని ఇండియానాపోలిస్‌లోని క్రౌన్ హిల్ శ్మశానవాటికలోని కుటుంబ సమాధికి తరలించారు.

స్పీడ్‌వే తదుపరి మార్పులు

కార్ల వేగం పెరిగే కొద్దీ ఇటుకల బాట ఎగుడుదిగుడుగా అనిపించసాగింది. ఆ తరువాత జరిగిన ముఖ్యమైన మార్పులు:

- 1937 నాటికి మలుపులలో ఇటుకల మీద తారు పొర వేశారు.
- 1938లో ముందరి నేరుభాగంలోని మధ్యభాగం తప్ప మిగిలిన బాట అంతా తారుతో కప్పారు.
- 1942 నుండి 1945 వరకు రెండవ ప్రపంచ యుద్ధం వలన పందేలు జరగలేదు. స్పీడ్‌వే గడ్డి మొలిచి శిథిలావస్థకు చేరింది.
- 1945 నవంబరు 14న టోనీ హల్మన్ 7,50,000 డాలర్లకు కొనుగోలు చేసి పునరుద్ధరించాడు. 1946 మే నెలలో పందెం మళ్ళీ జరిగింది.
- 1961 అక్టోబరులో మిగిలిన ఇటుకలను కూడా తారుతో కప్పారు. పందెం మొదలయ్యే గీత వద్ద 36 అంగుళాల (91 సెం.మీ.) వెడల్పు పట్టీని మాత్రం స్మృతిచిహ్నంగా వదిలారు.
- 1987లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు లభించింది.
- 2000 నుండి 2007 వరకు ఇక్కడ ఫార్ములా వన్ పందేలు జరిగాయి. ఇందుకోసం బాట లోపలి స్థలంలో వంకరటింకర మార్గం నిర్మించారు.
- 2002లో మలుపుల వద్ద కాంక్రీటు గోడల ముందు, ఢీకొన్న కారు వేగాన్ని తనలో ఇముడ్చుకునే ఉక్కు, నురుగు దిమ్మెల కంచెలు అమర్చారు.
- 2020 జనవరిలో హల్మన్ కుటుంబం నుండి రోజర్ పెన్స్కీ సంస్థ చేతికి వచ్చింది.

స్మారకాలు

స్పీడ్‌వే పట్టణంలో నలుగురు వ్యవస్థాపకుల పేరిట నాలుగు ప్రాథమిక పాఠశాలలు నెలకొన్నాయి. వాటిలో ఒకటి ఫిషర్ పేరు మీద ఉంది. మయామీ బీచ్ దక్షిణాన ఉన్న ఫిషర్ ఐలండ్ కూడా ఇతని పేరుతోనే ప్రసిద్ధమైంది. 12 ఏళ్ళకే చదువు మానేసిన ఫిషర్, అమెరికాలో కార్ల యుగానికి దారులు వేసినవారిలో ఒకడిగా గుర్తింపు పొందాడు.

1996లో స్టాక్ కార్ల పందెం గెలిచిన డేల్ జారెట్ తన బృందంతో మోకరిల్లి ఇటుకల పట్టీని ముద్దాడాడు. అప్పటి నుండి అక్కడ గెలిచినవారు ఆ విధంగా చేయడం ఆనవాయితీ అయింది. 1909 ఆగస్టులో అయిదు ప్రాణాలు పోయిన తరువాత పరిచిన ఇటుకలలో అధిక భాగం తారు కింద ఇప్పటికీ ఉన్నాయి.